పాత డయల్-అప్ మోడెమ్ లైనక్స్‌లో కనపడట్లేదు, బిడ్డ సైన్స్ ఫెయిర్ ఉంది, జర చూడండి

నయీంనగర్_నాన్న
మా పాప ఎనిమిదో తరగతి. బళ్లో సైన్స్ ఫెయిర్. అందరూ అగ్నిపర్వతం, ఇంకుడు గుంత చేస్తున్నారట. ఈమెకు మాత్రం "వైఫై లేనప్పుడు నెట్ ఎట్లా వచ్చేది" చూపించాలని పట్టు. తప్పు నాదే, సజ్జ మీద ఫోన్ లైన్లోంచి నెట్ తెచ్చే నా పాత డయల్-అప్ మోడెమ్ ఉందని నోరు జారాను. దించి దుమ్ము దులిపాను. డీ-లింక్, 56కే (సెకనుకు 56 వేల బిట్లు), బయట పెట్టుకునే రకం. అడాప్టర్ కూడా ఉంది, లైట్లు వెలుగుతున్నాయి.

ఇంట్లో ఉన్నది ఉబుంటు 22.04 లైనక్స్. సీరియల్ పోర్టు లేదు కాబట్టి యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే కేబుల్ 250 పెట్టి కొన్నాను. గుచ్చగానే ఒక్క క్షణం కనపడి మాయమవుతోంది. ఆ కేబుల్‌కు రావాల్సిన /డెవ్/టీటీవైయూఎస్‌బీ0 అన్న ఫైలే ఉండట్లేదు. ఇంకో పాత సీపీయూలో లోపల బిగించిన మోడెమ్ కార్డు కూడా ఉంది, దాన్నైతే లైనక్స్ అసలు పట్టించుకోవడమే లేదు. పది రోజులే టైముంది. కేబుల్ వాపసు ఇచ్చేయాలా?

జగిత్యాల_జావా
ఎందుకన్నా ఈ తిప్పలు? ఆ మోడెమ్ కీచు సౌండ్ ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి వినిపిస్తే సరిపోదా? అయినా డయల్ చేస్తే అవతల ఎత్తేదెవరు? అమెరికాలో ఏఓఎల్ అనే నెట్ కంపెనీ కూడా 2025 సెప్టెంబర్ 30న డయల్-అప్ బంద్ పెట్టింది.

పెంగ్విన్_పర్కాల
జావా అన్న వచ్చిండు, ఇక పని అయినట్టే.

నాన్నగారూ, కేబుల్ వాపసు ఇవ్వకండి. దాన్ని తీసి మళ్లీ గుచ్చి, టెర్మినల్‌లో డీమెస్జీ (సిస్టమ్ సందేశాలు చూపే కమాండ్) కొట్టి చివరి లైన్లు చూడండి. సీహెచ్341 (అలాంటి కేబుల్ చిప్పుల డ్రైవర్) పేరు పక్కన బీఆర్ఎల్‌టీటీవై అనే పేరు కూడా ఉందా?

నయీంనగర్_నాన్న
ఉంది ఉంది. "ఇంటర్‌ఫేస్ 0 క్లెయిమ్‌డ్ బై సీహెచ్341 వైల్ బీఆర్ఎల్‌టీటీవై సెట్స్ కాన్ఫిగ్ 1". దాని కిందే డిస్కనెక్టెడ్ అని వస్తోంది. మీరు చూడకుండానే ఎట్లా చెప్పారు?

పెంగ్విన్_పర్కాల
22.04లో ఇది చాలామందికి తగిలిన జబ్బే. బీఆర్ఎల్‌టీటీవై అంటే చూపు లేనివాళ్లు వేళ్లతో చదువుకునే బ్రెయిలీ డిస్‌ప్లేను నడిపే సాఫ్ట్‌వేర్. కొన్ని బ్రెయిలీ పరికరాల్లోనూ మీ కేబుల్‌లోనూ ఒకటే చిప్పు, నంబరు 1ఏ86:7523. మీరు గుచ్చగానే అది "నా పరికరం వచ్చింది" అని లాగేసుకుంటుంది. ఆ మెషీన్‌లో బ్రెయిలీ వాడేవాళ్లు ఎవరూ లేకపోతే సుడో ఆప్ట్ రిమూవ్ బీఆర్ఎల్‌టీటీవై. ఉంటే మాత్రం తీయొద్దు, వేరే చిప్పున్న కేబుల్ కొనుక్కోండి.

ఆ చేత్తోనే ఇంకో రెండు పనులు చేయండి. మీ యూజర్‌ను డయల్‌అవుట్ గ్రూపులో కలిపి, లాగౌట్ అయి మళ్లీ రండి. లేకపోతే పర్మిషన్ డినైడ్ అంటుంది. మోడెమ్‌మేనేజర్ సర్వీసును ఆపండి, లేకపోతే మనం మోడెమ్‌తో మాట్లాడుతుంటే మధ్యలో అది దూరి తన ప్రశ్నలు తను వేస్తుంది. నెట్‌కు డయల్ చేసే డబ్ల్యూవీడయల్ ప్రోగ్రామ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. మోడెమ్‌తో టైపు చేసి మాట్లాడే మినీకామ్ ఒక్కటి చాలు.

మడికొండ_మేడమ్
పెంగ్విన్ చెప్పింది నిజం. మా బడి ల్యాబులో ఆర్డుయినో బోర్డులకు ఇదే అయింది. చవక బోర్డుల్లో ఉండేదీ ఆ చిప్పే. ఒక మధ్యాహ్నమంతా కేబుళ్లు మార్చి మార్చి చూశాం. చివరికి తొమ్మిదో తరగతి పిల్లాడు డీమెస్జీ చదివి "మేడమ్, ఈ బీఆర్ఎల్ ఎవరు" అని అడిగాడు.

ఖని_బీ_షిఫ్ట్
కమాండ్లు గూడా తెలుగు అక్షరాల్లో రాయాలన్న రూలు ఈడ పెట్టిందెవరో గాని, సీఆర్‌టీఎస్‌సీటీఎస్ అసుంటి సెట్టింగు పేర్లు రాసేటోళ్ల గతి ఏంగాను.

నయీంనగర్_నాన్న
టీటీవైయూఎస్‌బీ0 వచ్చింది, ఉంటోంది కూడా! మినీకామ్ తెరిచాను. వేగం 115200, సెట్టింగు 8ఎన్1. ఏటీ (మోడెమ్‌ను పలకరించే కమాండ్) అని కొట్టి ఎంటర్ నొక్కితే ఏమీ రావట్లేదు. నేను కొట్టిన అక్షరాలు కూడా కనపడట్లేదు. మోడెమ్ చచ్చిందా?

కాజీపేట_జంక్షన్
చావలేదు బాబూ, లైట్లు వెలుగుతున్నాయన్నావు కదా. నేను రైల్వేలో సిగ్నల్ అండ్ టెలికాంలో చేసి రిటైరైనవాణ్ణి, ముందు తీగ చూడకుండా పెట్టెను తిట్టను. యూఎస్‌బీ ముక్కకూ మోడెమ్‌కూ మధ్య ఉన్న సీరియల్ తీగ ఎక్కడిది? రెండు కొనల్లో ఎన్ని పిన్నులు?

నయీంనగర్_నాన్న
ఒక కొన 9, ఇంకో కొన 25 సార్. డ్రాయర్‌లో ఉండె. సరిగ్గా దిగింది కదా అని పెట్టేశాను.

కాజీపేట_జంక్షన్
దిగినంత మాత్రాన అదే తీగ అనుకోకు. రెండు రకాలుంటాయి. కంప్యూటర్ నుంచి మోడెమ్‌కు వేసేది తిన్నటి తీగ. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు వేసేది నల్ మోడెమ్ తీగ, అందులో చెప్పేదీ వినేదీ అడ్డం మార్చి ఉంటాయి. మల్టీమీటర్‌ను బీప్‌లో పెట్టి చూడు. ఇక్కడే ఒక తిరకాసు ఉంది, జాగ్రత్తగా చదువు. 9 పిన్నుల వైపు 2 అంటే వినేది, 25 పిన్నుల వైపు 2 అంటే చెప్పేది. అందుకని మోడెమ్‌కు పనికొచ్చే తీగలో 2 వెళ్లి 3లో మోగాలి, 3 వెళ్లి 2లో మోగాలి, 5 వెళ్లి 7లో మోగాలి. 2 పెడితే 2లోనే మోగిందా, అది నల్ మోడెమ్ తీగ. చూడ్డానికి తిన్నగా ఉన్నదే అసలు వంకర.

నయీంనగర్_నాన్న
2 పెడితే 2లోనే మోగింది సార్!!

మోడెమ్ అట్టపెట్టె మళ్లీ దించి వెతికితే అడుగున, మాన్యువల్ కింద, రబ్బరు బ్యాండు వేసి అసలు తీగ ఉంది. పెట్టి ఏటీ కొట్టాను. ఓకే అని వచ్చింది. పాప ఏటీ, ఓకే, ఏటీ, ఓకే అని ఇరవైసార్లు ఆడింది. ఏటీఐ3 కొడితే దాని పేరు కూడా చెప్పింది.

చౌరస్తా_నెట్‌సెంటర్
ఆ ఓకే చూసి ఎన్నేళ్లయిందో. 2000 ప్రాంతంలో హనుమకొండ చౌరస్తా దగ్గర నాకు నెట్ సెంటర్ ఉండేది. ఐదు సిస్టమ్‌లు, ఒక్క ఫోన్ లైను, గంటకు 30 రూపాయలు. పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన లైనక్స్ సీడీ వేసి ఒక డొక్కు పెంటియంను సర్వర్ చేశాను. మోడెమ్ దానికి, మిగతా నాలుగూ దాని వెనక. ఐపీ మాస్కరేడింగ్ అనేవాళ్లం, ఇప్పుడు మీ ఇంట్లో వైఫై డబ్బా చేసే పని అదే. ఒక్క 56కే ఐదుగురికి పంచితే ఒక్కొక్కరికి దక్కేది చెంచాడు. యాహూ పేజీ సగం తెరుచుకునేసరికి కుర్రాళ్లు టీ తాగి వచ్చేవాళ్లు.

ఎంసెట్ ఫలితాల రోజు గుర్తుంది. మెట్ల మీద జనం, చేతుల్లో హాల్ టికెట్లు. వెబ్‌సైటు ఊగుతోంది, నా మోడెమ్ సెగలు కక్కుతోంది. నేను మిగతా నాలుగు మానిటర్లూ ఆపేసి, ఒక్క సిస్టమ్‌లో బొమ్మలు రాకుండా లింక్స్ బ్రౌజర్ తెరిచి, ఒక్కో నంబరు కొట్టి ర్యాంకు గట్టిగా చదివాను. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చూసి ఒక తండ్రి "ఇది అసలు ఫలితమేనా, మీరు టైపు చేశారా" అని అనుమానపడ్డాడు. పక్క సెంటర్లో గంటలో ముగ్గురివి తెలిస్తే నా దగ్గర వంద దాటాయి. ఆ రోజు నుంచి లైనక్స్‌ను ఎవరైనా ఏమైనా అంటే నాకు కోపం.

ఎస్‌టీడీ_బూత్_హుజూరాబాద్
మా బూత్ లైను మీదే రాత్రిపూట మోడెమ్ పెట్టి చూశా అప్పట్లో. నిమిషం కాగానే తెగేది. తమ్ముడు లైనక్స్‌ది తప్పంటాడు, నేను మోడెమ్‌ది తప్పంటా. లైన్‌మన్ వచ్చి నవ్విండు. బిల్లు మీటరు తిరగడానికి ఎక్స్‌ఛేంజ్ నుంచి ఆ లైన్లోనే 16 కిలోహెర్ట్జ్ పల్స్ వచ్చేదట. మన చెవికి వినపడదు, మోడెమ్‌కు తగుల్తది. పల్స్ వచ్చినప్పుడల్లా అది బెదిరి ఫోన్ పెట్టేసేది. ఇంటి లైనుకు మార్చినంక పెళపెళా నడిచింది.

జగిత్యాల_జావా
ముచ్చట్లు మస్తుగున్నయి. నా ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. ఓకే వచ్చింది సరే, ఎవరికి డయల్ చేస్తారు?

నయీంనగర్_నాన్న
నేనూ అదే అడుగుదామనుకున్నా. ఇంటి ల్యాండ్‌లైన్ ఇప్పుడు ఫైబర్ డబ్బాలోంచి వస్తోంది. మోడెమ్‌ను దానికి పెట్టి పక్కింటి నంబరు డయల్ చేస్తే మోగింది. అక్కడ మోడెమ్ లేదు కాబట్టి వాళ్లు హలో హలో అని పెట్టేశారు.

కాజీపేట_జంక్షన్
అక్కడ మోడెమ్ ఉన్నా నమ్మకం లేదు బాబూ. రాగి తీగలో నీ గొంతు అల రూపంలోనే ఎక్స్‌ఛేంజ్ దాకా పోయేది. ఫైబర్ డబ్బా దాన్ని చిన్న చిన్న ప్యాకెట్లుగా నరికి పంపుతుంది. ఒకటి రెండు ఆలస్యమైతే మధ్యలో ఖాళీని తనే పూడుస్తుంది. మన చెవి సర్దుకుంటుంది, మోడెమ్ సర్దుకోదు. పైగా కొన్నిచోట్ల గొంతును నొక్కి చిన్నది చేసి పంపుతారు. ఆ నొక్కుడు మనిషి గొంతుకు తగ్గట్టు చేసిందే గానీ మోడెమ్ అరుపుకు కాదు.

నీకు ఎక్స్‌ఛేంజే అక్కర్లేదు. రెండు మోడెమ్‌లు, మధ్యలో ఒక చిన్న ఇంటర్‌కామ్ పెట్టె. లాడ్జీల్లో, నర్సింగ్ హోముల్లో పాతవి పడి ఉంటాయి. 21 నుంచి 22కు డయల్ చేస్తే అదే నీ ఎక్స్‌ఛేంజ్.

పెంగ్విన్_పర్కాల
ఇంటర్‌కామ్ కూడా అక్కర్లేదు సార్. మోడెమ్ నుంచి మోడెమ్‌కు ఫోన్ తీగ నేరుగా గుచ్చి, ఒక దాంట్లో డయల్ చేయమని ఏటీఎక్స్3డీ, ఇంకో దాంట్లో ఎత్తమని ఏటీఏ. ఎక్స్3 అంటే డయల్‌టోన్ కోసం ఆగొద్దని. ఇది పెట్టకపోతే నో డయల్‌టోన్ అని కూర్చుంటుంది.

కాజీపేట_జంక్షన్
లైన్లో కరెంటు లేకుండా ఎట్లా కలుస్తాయి? ఎక్స్‌ఛేంజ్ 48 వోల్టులు ఇస్తేనే కదా లైను బతికుండేది. నేను ముప్పై ఏళ్లు ఆ వోల్టులే కొలిచాను.

పెంగ్విన్_పర్కాల
ఆ 48 వోల్టులు కార్బన్ మైకు ఉన్న ఫోన్ కోసం సార్. మోడెమ్‌కు తన అడాప్టర్ తనకుంది. శబ్దం ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి తీగలోకి పోతుంది. చాలా మోడెమ్‌లు ఊరికే కలుస్తాయి. కొన్ని మాత్రం లైన్లో కరెంటు ఉందో లేదో చూసుకుంటాయి, అవి మొండికేస్తాయి.

కాజీపేట_జంక్షన్
చేసి చూపించినాక ఒప్పుకుంటా.

నయీంనగర్_నాన్న
రెండో మోడెమ్ ఏది మరి? లోపలి కార్డుతో అవుతుందా? లోపలి కార్డుల పేర్లు చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌లో మోటరోలా ఎస్ఎమ్56 అని చూపిస్తోంది.

పెంగ్విన్_పర్కాల
దాన్ని మర్చిపోండి. అది విన్‌మోడెమ్. అసలు మోడెమ్‌లో సిగ్నల్ తయారుచేసే చిప్పు దాంట్లోనే ఉంటుంది. చవగ్గా రావాలని ఆ పని కార్డులోంచి తీసేసి కంప్యూటర్ ప్రాసెసర్ నెత్తిన పెట్టారు, డ్రైవరేమో విండోస్‌కే రాశారు. లైనక్స్‌కు లూసెంట్‌వి, కోనెక్సంట్‌వి, స్మార్ట్ లింక్‌వి కొన్నింటికి అప్పట్లో డ్రైవర్లు దొరికేవి. అవీ సగం మూసిపెట్టిన కోడు. ఇప్పటి కెర్నల్‌కు ఎక్కించాలంటే పది రోజులు కాదు, పాప పదో తరగతికి వస్తుంది.

చౌరస్తా_నెట్‌సెంటర్
నేను 2001లో తెలియక ఆ కార్డులు మూడు కొన్నా. లైనక్స్‌లో ఒక్కటీ పలకలేదు. చివరికి ఒక దాని లోహపు పట్టీని తలుపుకు గడియగా వాడా.

ఏటూరునాగారం_సిగ్నల్
మా దిక్కు ల్యాండ్‌లైనే లేకుండె. 2007లో డబ్ల్యూఎల్ఎల్ ఫోన్ వచ్చింది, యాంటెన్నా ఉన్న టేబుల్ ఫోన్. దానికి సీరియల్ తీగ పెట్టి డబ్ల్యూవీడయల్‌లో నంబరు హ్యాష్ 777 అని రాసి, స్టుపిడ్ మోడ్ ఆన్ చేస్తే నెట్ వచ్చేది. సెట్టింగు పేరే స్టుపిడ్ మోడ్, నేను తిట్టట్లేదు. అవతల నుంచి లాగిన్ ప్రశ్న వస్తుందని ఎదురుచూడకుండా నేరుగా పీపీపీ (మోడెమ్ లైను మీద నెట్ నడిపే పద్ధతి) మొదలుపెట్టమని దాని అర్థం. వాన పడితే యాంటెన్నాను కిటికీ దగ్గర మా తమ్ముడు పట్టుకుని నిలబడాలె. ఇప్పుడు వాడు టవర్ కంపెనీలోనే పని చేస్తుండు.

ఖని_బీ_షిఫ్ట్
నాన్నా, నా దగ్గర ఒక యూఎస్ రోబోటిక్స్ ఉంది, సీరియల్‌దే. తీగ కూడా ఉంది. ఇంట్లో "అమ్మేస్తవా, పారేస్తవా" అని రోజూ అడుగుతున్నరు. రేపు షిఫ్ట్ దిగినంక గోదావరిఖని బస్టాండ్‌లో ఆర్టీసీ కార్గోకు వేస్తా, హనుమకొండలో తీసుకో. పైసలేం వద్దు, ఫెయిర్ అయినంక నీ దగ్గరే పెట్టుకో. వాపసు మాత్రం పంపకు, నీకు దండం.

అడాప్టర్ లేదు కని. ఎప్పుడో పోయింది.

నయీంనగర్_నాన్న
అన్నా, మీ రుణం ఎట్లా తీర్చుకోవాలె. అడాప్టర్ సంగతి నేను చూసుకుంటా, పాత రౌటర్‌ది 9 వోల్టులది ఉంది.

కాజీపేట_జంక్షన్
ఆగు ఆగు. రౌటర్ అడాప్టర్ గుచ్చకు! ఆ కాలం మోడెమ్‌లకు చాలావాటికి ఏసీ అడాప్టర్. 9 వోల్టులే గానీ ఏసీ. నీ డీ-లింక్ అడాప్టర్ మీద అవుట్‌పుట్ ఎదురుగా చూడు, పాము లాంటి గీత ఉంటే ఏసీ. తిన్నటి గీత, కింద చుక్కల గీత ఉంటే డీసీ. ఖని నుంచి వచ్చేదానికి అడుగున గుచ్చే చోట ఏ గీత ఉందో చూశాక, వోల్టు ఎంతో చదివాక, అప్పుడు కొను.

నయీంనగర్_నాన్న
మీరన్నట్టే డీ-లింక్ మీద పాము ఉంది సార్. ఇంతకాలం అది కంపెనీ గుర్తు అనుకున్నా.

ఎస్‌టీడీ_బూత్_హుజూరాబాద్
ఇంకో జాగ్రత్త: ఉరుములొస్తే లైను పీకెయ్యి. మా తమ్ముడి మోడెమ్ కరెంటు స్విచ్ ఆపినా పిడుగుకు పోయింది. పిడుగు వచ్చింది ఫోన్ తీగలోంచి. మదర్‌బోర్డు సీరియల్ పోర్టును కూడా తీసుకుపోయింది.

నయీంనగర్_నాన్న
మూడు రోజుల తర్వాత వస్తున్నా. పార్సిల్ అందింది, చుట్టూ పాత చీర చుట్టి పంపారు, వదినకు చెప్పండి చీర భద్రం. దాని మీదా పాము గుర్తే. రిపేరు షాపులో సరిపోయే ఏసీ అడాప్టర్ దొరికింది, 180.

పాత సీపీయూకు వెనక సీరియల్ పోర్టు ఉంది కాబట్టి ఖని అన్న మోడెమ్ దానికి, /డెవ్/టీటీవైఎస్0. పెంగ్విన్ చెప్పినట్టు రెండింటికీ మధ్య ఫోన్ తీగ నేరుగా గుచ్చాను. ఇటు ఏటీఎక్స్3డీ, అటు పాప ఏటీఏ. ఒక నిమిషం నిశ్శబ్దం అనిపించింది, నిజానికి రెండు సెకన్లే. తర్వాత ఆ కూత! మా అమ్మ వంటింట్లోంచి ఏమైందని పరుగెత్తుకొచ్చింది. కనెక్ట్ 28800.

పాప "హాయ్" అని కొడితే తన తెరపై ఏమీ రావట్లేదు, నా తెరపై వస్తోంది. కంట్రోల్ ఏ, తర్వాత ఈ నొక్కితే తను కొట్టింది తనకూ కనపడింది.

కాజీపేట_జంక్షన్
ఒప్పుకున్నా. ముప్పై ఏళ్ల వోల్టులు వృథా. కానీ బాబూ, గంట మోగిందా?

పెంగ్విన్_పర్కాల
అది మోగదు సార్, అక్కడ మీరే కరెక్ట్. నేరుగా గుచ్చితే రింగు ఇచ్చేవాళ్లు లేరు.

మడికొండ_మేడమ్
పిల్లలకు చూపించేటప్పుడు నంబరు డయల్ కావాలి, రింగ్ అని తెరమీద పడాలి, అప్పుడే అర్థమవుతుంది. మా చిన్నమామయ్య లాడ్జి మూసేసి ఇంటర్‌కామ్ పెట్టెను స్టోర్‌లో పడేశారు. ఎనిమిది లైన్లది. ఆదివారం వచ్చి తీసుకెళ్లండి.

నయీంనగర్_నాన్న
మేడమ్, ఆదివారం పొద్దున్నే వస్తా.

ఒక డౌటు. రెండూ 56కే అని రాసి ఉన్నాయి. 28800 ఏంటి? తీగ బాగాలేదా?

మడికొండ_మేడమ్
తీగ తప్పు కాదు. ఎక్స్‌ఛేంజ్ మన గొంతును సెకనుకు 8000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. నెట్ ఇచ్చే కంపెనీ వాళ్ల వైపు ఆ అంకెలు అంకెలుగానే వెళ్లేవి, మళ్లీ శబ్దంగా మారేవి కావు. ఆ ఒక్క వెసులుబాటు మీద 1998లో వీ.90 అనే మోడెమ్ ప్రమాణం వచ్చింది. అందుకే కిందికి 56కే, పైకి 33.6. మీ ఇంట్లో రెండు వైపులా మామూలు మోడెమ్‌లే కాబట్టి 33600 దాటదు. పాపను జడ్జీ అడిగేది ఇదే ప్రశ్న అయి ఉంటుంది, ముందే నేర్పించండి.

జగిత్యాల_జావా
సరే, ఛాట్ అయింది. ఇది ఇంటర్నెట్ ఎట్లా అవుతుంది? ఐపీ అడ్రసు ఏది?

పెంగ్విన్_పర్కాల
మొదటిసారి పనికొచ్చే ప్రశ్న అడిగిండు అన్న.

కనెక్ట్ వచ్చాక రెండు వైపులా మినీకామ్ నుంచి బయటికి రండి, కంట్రోల్ ఏ తర్వాత క్యూ. ఎక్స్ కాదు, క్యూ. మోడెమ్‌ను రీసెట్ చేయకుండా వస్తుంది. తర్వాత ఇటు: సుడో పీపీపీడీ /డెవ్/టీటీవైయూఎస్‌బీ0 115200 10.0.0.1:10.0.0.2 నోఆథ్ లోకల్ సీఆర్‌టీఎస్‌సీటీఎస్ పాసివ్ నోడిటాచ్. అటు టీటీవైఎస్0 పెట్టి, అడ్రసులూ పాసివ్ తీసేసి, నోఐపీడిఫాల్ట్ కలపండి. అటువైపుకు అడ్రసు ఇటువైపే ఇస్తుంది.

ఖని_బీ_షిఫ్ట్
చూసిన్రా, సీఆర్‌టీఎస్‌సీటీఎస్. నేను మొదటి రోజే అన్న.

నయీంనగర్_నాన్న
మినీకామ్ మూయగానే లైను తెగిపోతోంది. క్యూనే నొక్కాను, ఎక్స్ కాదు. మోడెమ్ మీద క్యారియర్ లైట్ ఆరిపోతోంది. పదిసార్లు చేశాను. పాప నిద్రపోయింది, నేను ఇంకా కూర్చున్నా.

పెంగ్విన్_పర్కాల
నాదే పొరపాటు, ఒక మాట మర్చిపోయా. ప్రోగ్రామ్ పోర్టును మూయగానే కంప్యూటర్ డీటీఆర్ అనే పిన్నును దించుతుంది. "యజమాని వెళ్లిపోయాడు" అనుకుని మోడెమ్ ఫోన్ పెట్టేస్తుంది. డయల్ చేసేముందు రెండింట్లోనూ ఏటీ&డీ0 కొట్టండి. ఆ పిన్నును పట్టించుకోవద్దని దాని అర్థం.

నయీంనగర్_నాన్న
ఏటీ&డీ0తో లైను నిలబడింది. రాత్రి ఒంటిగంట పదికి 10.0.0.2కు పింగ్ (ఉన్నావా అని అడిగే పలకరింపు) వెళ్లింది. సరిగ్గా ఆ టైముకే మా ఆవిడ వచ్చి లైటు ఆపేసింది, మానిటర్ వెలుగులో టైపు చేస్తున్నా. మిగతాది రేపు.

చౌరస్తా_నెట్‌సెంటర్
ఒంటిగంటకు మోడెమ్, ఇంట్లో వాళ్ల తిట్లు. ఇప్పుడు పూర్తిగా 2000 సంవత్సరం వచ్చింది.

నయీంనగర్_నాన్న
మేడమ్ ఇచ్చిన ఇంటర్‌కామ్ పెట్టాక 21 నుంచి ఏటీఎక్స్3డీటీ22 కొడితే అటు తెరపై రింగ్, రింగ్ అని పడుతోంది. స్పీకర్ పెద్దది చేయడానికి ఏటీఎమ్1ఎల్3. వేగం 31200 వచ్చింది, నేరుగా గుచ్చినదానికంటే మెరుగు. ఎందుకో తెలియదు, అడగను కూడా.

పాపకు కొత్త పిచ్చి, తెలుగులో పంపాలని. మినీకామ్‌లో కొడితే అవతల పిచ్చి గీతలు వచ్చాయి. పీపీపీ మీద నెట్‌క్యాట్ అనే ప్రోగ్రామ్ పెట్టి పంపితే మాత్రం చక్కగా తెలుగే వచ్చింది.

పెంగ్విన్_పర్కాల
తీగకు భాషతో పని లేదు, దానికి బైట్లే. మినీకామ్ వాటిని తెరపై అక్షరాలుగా కలపడంలో తడబడింది. నెట్‌క్యాట్ వచ్చిన బైట్లను వచ్చినట్టే టెర్మినల్‌కు వదిలేస్తుంది, అక్షరాలు కలిపేది టెర్మినల్. ఒక సరదా లెక్క పాపకు చెప్పండి: ఇంగ్లీషులో అమ్మ అని నాలుగు అక్షరాలు కొడితే 4 బైట్లు. తెలుగులో అ, మ, పొల్లు గుర్తు, మ, ఒక్కోదానికి మూడు చొప్పున 12.

ఎస్‌టీడీ_బూత్_హుజూరాబాద్
అంటే అప్పట్లో తెలుగులో ఛాట్ చేసుంటే మూడు రెట్లు టైం పట్టేదా. పల్స్ మీద పల్స్. నా బూత్ మూతపడకపోయేదేమో.

నయీంనగర్_నాన్న
ఫెయిర్ అయింది. అందరూ అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నా.

రెండు బల్లలు, మధ్యలో లాడ్జి ఇంటర్‌కామ్. పిల్లలు 22 డయల్ చేసి ఆ కూత వినడానికి లైను కట్టారు. పక్క స్టాల్ అగ్నిపర్వతం అబ్బాయి కూడా తన స్టాల్ వదిలి వచ్చి నిలబడ్డాడు. పాప 40 కేబీ ఫొటో పంపితే పన్నెండు సెకన్లు పట్టింది. "ఇప్పుడు ఫోన్‌లో తీసిన 3 ఎంబీ ఫొటో పంపనా సార్" అని జడ్జీని అడిగింది. ఆయన సరే అన్నాడు. పావుగంట పడుతుందని చెప్పాక వద్దన్నాడు. 56కే మీద ప్రశ్న వచ్చింది మేడమ్, 8000 సార్లు అని గడగడా చెప్పింది.

మధ్యలో ఒక్కసారి తెగింది. ఎవరో చిన్నపిల్లాడు ఇంటర్‌కామ్ మూడో లైనుకు ఫోన్ తగిలించి 22 డయల్ చేయబోయి మా తీగ పీకాడు. రెండో బహుమతి వచ్చింది. మొదటిది ఇంకుడు గుంతకు.

ఖని_బీ_షిఫ్ట్
నా మోడెమ్‌కు రెండో బహుమతి! ఇంట్లో చెప్పిన. "ఇంకా ఏమన్నా ఉంటే అవి గూడా పంపెయ్" అంటుంది.

కాజీపేట_జంక్షన్
పాపకు నా ఆశీస్సులు. ఇంటర్‌కామ్ వాపసు ఇచ్చేముందు ఒకసారి లైను వోల్టు కొలిచి చెప్పు. ఊరికే, తెలుసుకోవాలని.

నయీంనగర్_నాన్న
24 ఉంది సార్.

కాజీపేట_జంక్షన్
సగమే. అయినా నడిచింది.

జగిత్యాల_జావా
అన్నా, ఒక చిన్న విషయం. మా నాన్న బీరువా సర్దుతుంటే ఒక మోడెమ్ దొరికింది. ఎక్స్‌టర్నల్‌దే. అడాప్టర్ లేదు. ఇంట్లో 12 వోల్టులది ఒకటుంది, గుచ్చనా?

ఎస్‌టీడీ_బూత్_హుజూరాబాద్
ఆగు ఆగు!

పెంగ్విన్_పర్కాల
పైకి పో అన్నా, పాము ముచ్చట చదువుకొని రా.